చేతి గేరు – యంత్రపు గేరు : పందెపు కార్లలో నైపుణ్యం ఎవరిది?

(ప్లాటినం జూబిలీ విజ్ఞాన గోష్ఠిలో చదివిన ప్రసంగ పాఠం)



టెలివిజనులో మోటారు పందెములను చూచే పిల్లలకు కార్ల పేర్లు, చోదకుల పేర్లు కంఠోపాఠంగా ఉంటాయి. ఏ కారు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోగలదో వారిని అడిగితే తడుముకోకుండా చెప్పగలరు. అయితే ఆ వేగం వెనుక శతాబ్దానికి మించి సాగుతున్న ఒక వివాదం ఉన్నది. గేరును మార్చవలసినది మనిషి చేయా, యంత్రమా? ఇది పైకి ఇంజనీర్లకు సంబంధించిన చిన్న ప్రశ్నగా తోస్తుంది. నిదానించి చూస్తే, యంత్రం తనకంటె బాగా చేయగలిగిన పనిని మనిషి ఇంకా ఎందుకు నేర్వవలె అన్న పెద్ద ప్రశ్న అందులో ఇమిడి ఉన్నది. క్యాలిక్యులేటరు ఉండగా ఎక్కములు ఎందుకు అని అడిగే ప్రతి విద్యార్థీ అడుగుతున్నది ఈ ప్రశ్ననే.

గేరు ఎందుకు?

పెట్రోలుతో నడిచే ఇంజనుకు ఒక స్వభావం ఉన్నది. అది ఒక వేగ పరిధిలో తిరిగినప్పుడు మాత్రమే తన పూర్తి శక్తిని ఇవ్వగలదు. మరీ మెల్లగా తిరిగితే ఆగిపోతుంది. మరీ వేగంగా తిప్పితే లోపలి భాగములు విరుగుతాయి. చక్రముల సంగతి వేరు. అవి నిలిచి ఉన్న స్థితి నుండి గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగం వరకు తిరగవలసి ఉంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేది గేర్‌బాక్సు. మొదటి గేరులో ఇంజను అనేక చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. బలం హెచ్చు, వేగం తక్కువ. పై గేర్లకు పోయే కొద్దీ బలం తగ్గి వేగం పెరుగుతుంది. గేర్ల సైకిలు మీద మిట్ట ఎక్కిన పిల్లల కాళ్ళకు ఈ సూత్రం ముందే తెలుసు.

గేరు మార్చేటప్పుడు ఇంజనుకు, చక్రములకు నడుమ ఉన్న బంధాన్ని క్షణకాలం విడదీయవలె. ఆ పని క్లచ్‌ది. ఎడమ కాలితో క్లచ్ తొక్కడం, చేతితో గేరు రాడ్‌ను ఒక గాడి నుండి మరొక గాడికి జరపడం, తిరిగి క్లచ్ వదలడం – ఈ మూడు పనులు ముగిసే లోపల కారు తనను ముందుకు తోసే బలాన్ని కోల్పోతుంది. ఊరికి పోయే బస్సుకు ఆ క్షణం లెక్కలోనిది కాదు. పందెంలో మాత్రం అటువంటి క్షణములు కూడి గెలుపు ఓటములను నిర్ణయిస్తాయి.

చేయి నేర్చిన విద్య

జరిగే దంతచక్రములతో కూడిన గేర్‌బాక్సును 1890ల ఆరంభంలో ఫ్రాన్సులో పనార్–లెవాసోర్ సంస్థ కార్లలో అమర్చింది. ఆ సంస్థ భాగస్వాములలో ఒకరైన ఎమిల్ లెవాసోర్ 1895లో పారిస్ నుండి బోర్డోకు, అక్కడి నుండి తిరిగి పారిస్‌కు సుమారు 1,178 కిలోమీటర్ల దూరాన్ని 48 గంటల 48 నిమిషాలలో నడిపి అందరికంటె ముందు చేరుకున్నాడు. అయితే ఆయన కారులో ఇద్దరికే చోటు ఉన్నందువల్ల నియమముల ప్రకారం మొదటి బహుమతి మరొక కారుకు దక్కింది. పందెంలో వేగంతో పాటు నియమములు కూడా విజేతను నిర్ణయిస్తాయని ఆనాడే తేలిపోయింది.

ఆ కాలపు గేర్లకు మచ్చికతనం లేదు. రెండు దంతచక్రములు ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడే ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి. లేనియెడల పళ్ళు కొరికిన చప్పుడుతో మొరాయిస్తాయి. అందుచేత చోదకుడు క్లచ్‌ను రెండుమార్లు తొక్కి, నడుమ యాక్సిలరేటరుతో ఇంజను వేగాన్ని సరిచేసి, చెవితో విని గేరు వేయవలసి వచ్చేది. పాత లారీలను నడిపిన పెద్దలకు ఈ విద్య సుపరిచితం. ఈ కష్టాన్ని తగ్గించినది అమెరికాలో ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన సింక్రోమెష్ పద్ధతి. దంతచక్రములు కలియడానికి ముందే వాటి వేగములను సమం చేసే ఏర్పాటు అది. 1928లో కాడిలాక్ కార్లలో మొదటిసారిగా వచ్చింది.

పందెపు చోదకుని పని అంతటితో తేలిక కాలేదు. మలుపు దగ్గర పడినప్పుడు బ్రేకు తొక్కాలి. అదే సమయంలో కింది గేరులోకి దిగాలి. దిగేటప్పుడు ఇంజను వేగాన్ని పెంచాలి. పెడల్లు మూడు, కాళ్ళు రెండు. అందువల్ల కుడి పాదపు ముందు భాగంతో బ్రేకును నొక్కి ఉంచి, అదే పాదపు మడమతోనో, అంచుతోనో యాక్సిలరేటరును తట్టే విద్యను అభ్యసించారు. ఒక చేయి గేరు రాడ్ మీద ఉన్నంతసేపు స్టీరింగును రెండవ చేయి ఒక్కటే పట్టుకోవలె. నాలుగవ గేరు వేయబోయి రెండవ గేరులో వేస్తే ఇంజను పరిమితికి మించి తిరిగి పగిలిపోవచ్చు. వెనుక చక్రములు బిగుసుకొని కారు గిరగిర తిరిగిపోవచ్చు. మొనాకో నగర వీధులలో 78 చుట్ల పందెం ముగిసే సరికి చోదకుడు వేలసార్లు గేరు మార్చవలసి వచ్చేది. గేర్లను ఎట్లా వాడాడన్నది ఆ దినములలో విజేతను పరీక్షించే ఒక ప్రధాన కొలబద్ద.

ద్రవం మోసిన బలం

యంత్రమే గేరు మార్చాలన్న ఆలోచన కూడా పాతదే. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లను ఉంచి ఒకదానిని తిప్పితే, దాని గాలికి రెండవది కూడా తిరగడం మొదలుపెడుతుంది. గాలికి బదులు నూనెను ఉంచితే బలమైన యంత్రములను కూడా నడిపించవచ్చు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ ఓడల కోసం ఈ సూత్రాన్ని 1905లో రూపొందించాడు. ఆ మార్గంలో వచ్చిన హైడ్రామాటిక్ గేర్‌బాక్సును జనరల్ మోటార్స్ సంస్థ 1939లో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ప్రవేశపెట్టింది. దీని రూపకల్పనకు నాయకత్వం వహించినది కూడా ఎర్ల్ థాంప్సనే. చేతి గేరును మచ్చిక చేసిన మనిషే చేతి గేరుకు పోటీదారును సృష్టించడం ఈ చరిత్రలోని ఒక విశేషం.

నూనె ద్వారా బలం ప్రసరించేటప్పుడు కొంత జారుడు ఉంటుంది. ఆ మేరకు శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. బరువు కూడా హెచ్చు. అందువల్ల ఆటోమేటిక్ గేరు సౌఖ్యం కోరే గృహస్థులకే గాని పందెపు వీరులకు తగదని చాలాకాలం అందరూ నమ్మారు. తిన్నని బాట మీద కొద్ది సెకనులలో ముగిసే డ్రాగ్ పందెములలో మాత్రం ఆటోమేటిక్ గేర్లు ఆదరణ పొందాయి.

మలుపుల పందెములలో ఈ నమ్మకాన్ని సడలించినవాడు టెక్సాస్‌కు చెందిన జిమ్ హాల్. ఆయన నిర్మించిన చాపరల్ అనే తెల్లని కార్లలో, జనరల్ మోటార్స్ వారి సాంకేతిక సహకారంతో, క్లచ్ పెడలు లేని గేర్‌బాక్సు ఉండేది. ఏ గేరు కావాలో చోదకుడే నిర్ణయించి మీటను జరిపేవాడు. క్లచ్ పనిని ద్రవయంత్రం చేసేది. 1965లో సెబ్రింగ్ 12 గంటల పందేన్ని జిమ్ హాల్, హాప్ షార్ప్ ఈ కారుతో గెలిచారు. 1966లో జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ 1000 కిలోమీటర్ల పందేన్ని ఫిల్ హిల్, జో బోనియర్ గెలిచారు. ఖాళీ అయిన ఎడమ కాలికి కూడా జిమ్ హాల్ పని కల్పించాడు. 1966 నాటి మరొక చాపరల్ కారు పైన ఎత్తైన రెక్కను అమర్చి, తిన్నని బాట మీద ఆ రెక్క వాలును తగ్గించే పెడలును ఎడమ కాలి కింద ఉంచాడు. యంత్రం ఒక పనిని తీసుకున్నప్పుడు మనిషికి మరొక పని దొరకడానికి ఇది చక్కని దృష్టాంతం.

రియో నుండి ఇంటర్‌లాగోస్ వరకు

ఫార్ములా వన్ పందెములలో అసలైన మలుపు 1989 మార్చి 26న బ్రెజిల్ దేశపు రియో డి జనీరోలో వచ్చింది. జాన్ బార్నార్డ్ రూపొందించిన ఫెరారీ 640 కారులో గేరు రాడ్ లేదు. స్టీరింగు చక్రం వెనుక రెండు మీటలు ఉన్నాయి. ఒకదానిని లాగితే పై గేరు, రెండవదానిని లాగితే కింది గేరు. మిగిలిన పని అంతా విద్యుత్ సంకేతములతో, నూనె ఒత్తిడితో జరుగుతుంది. చేయి స్టీరింగును వదలవలసిన పని లేదు. గేరు రాడ్‌కు చోటు అక్కరలేదు కనుక కారును సన్నగా నిర్మించవచ్చు. పరీక్షలలో మాటిమాటికి మొరాయించిన ఆ కారు పందెం పూర్తి చేయగలదన్న ఆశ ఎవరికీ అంతగా లేదు. అయినా నైజెల్ మాన్సెల్ దానితో మొదటి పందెంలోనే విజయం సాధించాడు.

రెండేళ్ళ తరువాత, 1991 మార్చి 24న, అదే దేశంలో సావో పావ్లోలోని ఇంటర్‌లాగోస్ బాట మీద చేతి గేరు తన చివరి గొప్ప ఘట్టములలో ఒకదానిని ప్రదర్శించింది. ఐర్టన్ సెన్నా అప్పటికి ఏడుసార్లు ప్రయత్నించి కూడా స్వదేశంలో గెలువలేదు. ఆయన నడిపిన మెక్‌లారెన్ కారులో చేతితో మార్చే ఆరు గేర్లు ఉన్నాయి. ప్రత్యర్థులైన విలియమ్స్ కార్లలో స్టీరింగు వెనుక మీటలు ఉన్నాయి. వెనుక నుండి తరుముకొచ్చిన మాన్సెల్ గేర్‌బాక్సు చెడి పందెం నుండి తప్పుకున్నాడు. ఇంతలో సెన్నా కారులో కూడా గేర్లు ఒకటొకటిగా పోయాయి. చివరి చుట్లలో ఆరవ గేరు ఒక్కటే మిగిలింది. మెల్లగా తిరగవలసిన మలుపులలో పై గేరుతో పోతే ఇంజను ఆగిపోయే ప్రమాదం ఉన్నది. అదే సమయానికి వాన కూడా మొదలైంది. ఆ స్థితిలో కారును నిలువనీయకుండా నడిపి, రికార్డో పత్రేసే కంటె మూడు సెకనులకు కొద్దిగా తక్కువ తేడాతో ముందు నిలిచి గెలిచాడు. బహుమతి పాత్రను ఎత్తడానికి కూడా ఆయన చేతులలో శక్తి మిగలలేదు.

ఆ పందెం నుండి రెండు పాఠములు తీయవచ్చు. యంత్రం విఫలమైనప్పుడు మనిషి నేర్పు ఎంతవరకు ఆదుకోగలదో సెన్నా చూపాడు. అయితే కొత్త గేర్‌బాక్సులు దృఢపడిన తరువాత అటువంటి వీరత్వం ఒక్కటే చాలలేదు. 1991 ఛాంపియన్‌షిప్ గెలిచిన ఆ మెక్‌లారెన్ కారే చేతి గేరుతో ప్రపంచ విజేతగా నిలిచిన చివరి ఫార్ములా వన్ కారు. మరుసటి ఏడాది మాన్సెల్ విలియమ్స్ కారుతో విజేత అయ్యాడు. 1995లో ఫోర్టి అనే చిన్న ఇటాలియన్ జట్టు కారుతో చేతి గేరు ఫార్ములా వన్ నుండి సెలవు తీసుకున్నది.

గీత ఎక్కడ గీయాలి?

చేతి గేరు పోయిన తరువాత వివాదం ముగియలేదు. ఇంకా లోతుకు పోయింది. మీటను లాగేది మనిషే అయినప్పుడు, ఎప్పుడు లాగాలన్న నిర్ణయం ఇంకా మనిషిదే. ఆ నిర్ణయాన్ని కూడా కంప్యూటరుకు ఇస్తే? 1993లో విలియమ్స్ జట్టు మరొక అడుగు ముందుకు వేసి, మెట్లు మెట్లుగా గేర్లు లేకుండా బెల్టు సహాయంతో నిష్పత్తి అవిచ్ఛిన్నంగా మారే వేరియబుల్ గేర్‌బాక్సును పరీక్షించింది. ఇంజను ఎల్లప్పుడూ తన ఉత్తమ వేగంలోనే తిరుగుతుంది. చోదకునికి మార్చడానికి గేరే ఉండదు. అది ఒక్క పందెంలోనైనా దిగకముందే, 1994 నియమములు నిర్దిష్ట సంఖ్యలో గేర్లు ఉండి తీరాలని శాసించాయి. 2001లో పూర్తి ఆటోమేటిక్ పద్ధతిని అనుమతించారు. 2004లో మళ్ళీ నిషేధించారు. నాటి నుండి ప్రతి గేరు మార్పుకు చోదకుని ఆదేశం ఉండి తీరాలి.

ర్యాలీ పందెములలో ఇంకా విచిత్రమైన తిరుగుడు కనిపిస్తుంది. ప్రపంచ ర్యాలీ కార్లలో 2011లో స్టీరింగు వెనుక మీటలను తొలగించారు; 2015లో తిరిగి అనుమతించారు; 2022లో కొత్త హైబ్రిడ్ కార్లు వచ్చినప్పుడు మళ్ళీ చేతితో లాగే రాడ్‌నే విధించారు. ఖర్చును తగ్గించడం అందుకు ఒక కారణం.

ఈ నియమముల చరిత్ర పరిశీలించదగినది. వేగమే లక్ష్యమైతే ఏ నిషేధమూ అక్కరలేదు. నిషేధించారంటే, పందెంలో కొలవవలసినది కారు వేగం మాత్రమే కాదని, అందులో కూర్చున్న మనిషి వివేచన కూడా అని నిర్వాహకులు భావించారన్న మాట. పరీక్షా హాలులో ఏ తరగతికి క్యాలిక్యులేటరును అనుమతించాలో నిర్ణయించే ఉపాధ్యాయుడు చేసే ఆలోచన కూడా ఇటువంటిదే. ఏ నైపుణ్యాన్ని కొలవదలచినామో తేల్చుకొన్న తరువాతనే ఏ సాధనాన్ని అనుమతించాలో తేలుతుంది.

రోడ్డు మీది స్పోర్ట్స్ కార్లు

పందెపు బాట మీది మార్పు రోడ్డు మీదికి దిగడానికి ఎంతోకాలం పట్టలేదు. ఇందులో ముఖ్యమైనది రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు. బేసి సంఖ్య గేర్లు ఒక క్లచ్‌కు, సరి సంఖ్య గేర్లు రెండవ క్లచ్‌కు తగిలి ఉంటాయి. కారు రెండవ గేరులో పోతుండగానే మూడవ గేరు సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ విడిచే లోపలనే రెండవది పట్టుకుంటుంది. పల్లకీ బోయీలు నడక ఆపకుండా భుజం మార్చుకొన్నట్లు బలం తెగకుండా సాగిపోతుంది. పోర్షే సంస్థ దీనిని 1980లలో తన పందెపు కార్లలో పరీక్షించి, 1986లో మాంజా పందెంలో విజయం సాధించింది. 2003లో వోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32 కారుతో ఈ పద్ధతి సామాన్య విపణిలోకి వచ్చింది.

ఆ తరువాత చేతి గేరు వరుసగా స్థానములను కోల్పోయింది. 2009లో వచ్చిన ఫెరారీ 458 చేతి గేరుతో అమ్మకానికి రాలేదు. 2014 నాటి లాంబోర్గిని హురాకాన్ కూడా అంతే. అమెరికన్ల అభిమాన వాహనమైన కార్వెట్ 2020 నమూనాతో చేతి గేరును విడిచిపెట్టింది.

ఇక్కడ ఒక ఎదురు కథ ఉన్నది. 2013లో పోర్షే తన 911 జీటీ3 కారును రెండు క్లచ్‌ల గేర్‌బాక్సుతో మాత్రమే విడుదల చేసింది. గడియారపు లెక్కలో అది చేతి గేరు కంటె వేగవంతమైనదని ఎవరూ కాదనలేదు. అయినా అభిమానులు అసంతృప్తి చెందారు. 2016లో ఆ సంస్థ చేతి గేరుతో 911 ఆర్ అనే కారును 991 మాత్రమే నిర్మించగా వాటికి గొప్ప గిరాకీ ఏర్పడింది. 2017లో జీటీ3లో కూడా చేతి గేరు మళ్ళీ లభించింది. నెమ్మదైనదని తెలిసి కూడా కొనేవారు దానిని ఎందుకు కోరారు? చక్కగా అమరిన గేరు మార్పు అరచేతికి ఇచ్చే తృప్తిని గడియారం కొలవజాలదు. వీణ మోగించే యంత్రం ఉన్నంత మాత్రాన వీణ నేర్చుకొనేవారు మానుకోలేదు గదా!

యంత్రం తెరిచిన తలుపు

ఇంతమాత్రం చెప్పి చేతి గేరును ఆకాశానికి ఎత్తి ఊరుకొంటే అది సగం సత్యమే అవుతుంది. చేతి గేరు కొందరికి విద్య అయితే, మరికొందరికి మూసిన తలుపు. రెండు కాళ్ళూ రెండు చేతులూ సమంగా పనిచేసేవారే దానిని నడపగలరు. ఇటలీకి చెందిన అలెక్స్ జనార్ది 2001లో జర్మనీలోని లౌసిట్జ్‌రింగ్ ప్రమాదంలో రెండు కాళ్ళను కోల్పోయాడు. తనకోసం ప్రత్యేకంగా అమర్చిన చేతి సాధనములతో తిరిగి పందెములకు వచ్చి 2005లో ఓషర్స్‌లేబెన్‌లో ప్రపంచ టూరింగ్ కార్ల పందెంలో గెలిచాడు. ఫ్రాన్సుకు చెందిన ఫ్రెడెరిక్ సోసే 2012లో ఒక అంటువ్యాధి వల్ల కాళ్ళు చేతులు నాలుగింటినీ పోగొట్టుకొన్నాడు. 2016లో ఆయన ప్రత్యేకంగా మార్చిన కారుతో లె మాన్ 24 గంటల పందెంలో పాల్గొని, సహచరులతో కలసి పందేన్ని పూర్తి చేశాడు. క్లచ్ పెడలు, గేరు రాడ్ తప్పనిసరి అయిన కారులో ఇది ఊహకు అందని పని. రోడ్డు మీద కూడా అంతే. మోకాళ్ళ నొప్పులతో బాధపడే వృద్ధుడికి, ఎడమ కాలు పనిచేయని యువతికి ఆటోమేటిక్ కారు విలాసం కాదు, స్వేచ్ఛ. యంత్రం మనిషి నైపుణ్యాన్ని హరించిందని విచారించేవారు, అది ఎందరికి కొత్త నైపుణ్యములను అందుబాటులోకి తెచ్చిందో కూడా లెక్కించవలె.

స్వదేశంలో

భారతదేశంలో కూడా ఈ మార్పు ఒక తరం కాలంలో జరిగింది. స్టీరింగు పక్కన గేరు రాడ్ ఉన్న అంబాసిడర్ కారు పెద్దలకు గుర్తే. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ 1980లలో మారుతి ఇంజనుతో చవకైన పందెపు కారును రూపొందించి ఎందరో యువకులకు చేతి గేరుతో తొలి పాఠములు చెప్పించాడు. 1995లో విమాన ప్రమాదంలో మరణించిన ఆయన పేరున చెట్టిపాళెంలో పందెపు బాట వెలసింది. అదే కోయంబత్తూరు నుండి వచ్చిన నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. 2014లో మారుతి సెలెరియో కారుతో క్లచ్ తొక్కనక్కరలేని గేర్‌బాక్సు తక్కువ ధరలో మధ్యతరగతి ఇండ్లకు చేరింది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. ఫ్రెంచి చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లలో మార్చవలసిన గేర్లు లేవు, ఒక్కటే గేరు. విద్యుత్ మోటారు నిలిచిన స్థితి నుండే పూర్తి బలాన్ని ఇవ్వగలదు కనుక గేర్ల మెట్లతో దానికి పని లేదు. 2014లో మొదలైన తొలి ఫార్ములా ఈ కార్లలో ఐదు గేర్లు ఉండేవి. క్రమంగా అవి అనవసరమని తేలింది. ఈ పందెంలో చోదకుని నేర్పు బ్యాటరీలో మిగిలిన శక్తిని చివరి చుట్టు వరకు పొదుపుగా వాడుకోవడంలో ఉన్నది. పాత ప్రశ్నకు ఇది ఎవరూ ఎదురు చూడని సమాధానం. చేయి గెలువలేదు, యంత్రమూ గెలువలేదు, గేరే తొలగిపోయింది. నైపుణ్యం మాత్రం తొలగిపోలేదు, చోటు మార్చుకొన్నది.

ప్రియమైన విద్యార్థులారా! లెవాసోర్ చెవితో విని గేరు వేశాడు. జిమ్ హాల్ ఖాళీ అయిన కాలికి కొత్త పని వెతికాడు. సెన్నా ఒక్క గేరుతో వానలో గమ్యం చేరాడు. సోసే చేతులు కాళ్ళు లేకుండా లె మాన్ పందెం పూర్తి చేశాడు. వీరందరికీ తమ యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో తెలుసు. ఆ తెలివి ఉన్నవానికి యంత్రం ఎంత పని తీసుకొన్నా భయం లేదు. తాను చేయవలసిన తరువాతి పని అతనికి కనబడుతుంది. అది లేనివాడు ఎంత గొప్ప కారులో కూర్చున్నా ప్రయాణికుడే గాని చోదకుడు కాడు. కనుక గేరును ఎవరు మార్చినా, అది ఎందుకు మారుతున్నదో మాత్రం ప్రతి విద్యార్థీ తెలుసుకొని తీరవలె.